ఏడో వార్డుకు రాతియుగం

వెంపలూరికి చరిత్ర లేదన్న బెంగ ఎవరికీ ఉండేది కాదు, పైనుంచి కాగితం వచ్చేదాకా. కాలవకి లాకులు కట్టేటప్పుడు కూలికొచ్చినవాళ్ళు, పనయ్యాక తిరిగి పోవడానికి బద్ధకించి అక్కడే గుడిసెలు వేసుకున్నారు. అదీ ఊరు. తరవాత రైలొచ్చింది, మిరపకాయల కొట్లొచ్చాయి, ఎవరూ అడక్కుండానే మునిసిపాలిటీ కూడా వచ్చిపడింది. ఎంత ముసలాణ్ణి కదిపినా ఇంతకు మించి చెప్పడు. మధ్యలో చుట్ట వెలిగించుకోనివ్వకపోతే ఇదైనా చెప్పడు.

పైనుంచి వచ్చిన కాగితానికి ఇది చాల్లేదు. ప్రతి మునిసిపాలిటీ తన ఊరి చరిత్రకు ఒక కేంద్రమూ, పాత వస్తువులకూ కాగితాలకూ ఒక భాండాగారమూ నెలకొల్పాలనీ, ఆ చరిత్ర "ఆదిమకాలం మొదలు నేటి వరకు ఎచ్చటనూ ఖాళీ లేకుండా" ఉండాలనీ, ఖాళీ కనిపిస్తే కమిషనరే బాధ్యుడనీ అందులో రాశారు. చరిత్రలో ఖాళీకి తన ఇంక్రిమెంటు ఆగుతుందని తెలిశాక కమిషనర్ గారికి చరిత్ర మీద అభిమానం పుట్టుకొచ్చింది.

ఊళ్ళో ఖాళీగా ఉన్న సర్కారు కట్టడం బందెలదొడ్డి ఒక్కటే. ఊరిమీద పడి మేసే గొడ్లని పట్టుకొచ్చి కట్టేసే చోటది. లోపలున్న రెండు గేదెల్ని బయటికి తోలి, గోడలకి సున్నం కొట్టించి, చరిత్ర కేంద్రమని బోర్డు పెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు దైవాధీనాన్ని చరిత్రాధికారిగా వేశారు. దోమల మందు కొట్టించేది ఆయనే కాబట్టి ఊళ్ళో ప్రతి సందూ ఆయనకి తెలుసు, చరిత్రకి అంతకన్నా అర్హత ఏం కావాలన్నారు కమిషనర్ గారు.

"మీ ఇళ్ళలోని పాత ఫొటోలు, పాత వస్తువులు చరిత్ర కేంద్రానికి అందజేసి తరించండి" అని ఆటోకి మైకు కట్టి తిప్పితే, ఊరంతటికీ నిజంగా సంతోషపడ్డ మనిషి నాంచారమ్మ ఒక్కతే.

నాంచారమ్మది ఏడో వార్డులో పిండిమర. పేరుకి పిండిమరే గానీ ఊరికి కారం పట్టేది కూడా అదే. దాన్ని పెట్టింది నాంచారమ్మ అత్తగారు వెంకాయమ్మ. పిన్న వయసులో మొగుడు పోతే, పుట్టింటికి పోకుండా, ఒంటి మీది బంగారమంతా ఊడ్చి మర తెచ్చి రెండెడ్ల బండి మీద దింపింది. ఆడది చక్రానికి తోలు పట్టా వేసి మర తిప్పితే ఊరికి అరిష్టమని పెద్దలన్నారు. ఆవిడ పట్టా వేసింది. ఊరు నిక్షేపంగా ఉంది, పైగా మెత్తటి కారం తినడం నేర్చుకుంది. ప్రతి దసరాకి మర కడిగి, బొట్లు పెట్టి, గోడ మీద పసుపు చెయ్యి వేసేది. నాంచారమ్మ కాపురానికొచ్చిన మొదటి దసరాకి, "రావే, నువ్వూ వెయ్యి. రేపు దీన్ని తిప్పాల్సింది నువ్వేగా" అని కోడలి చెయ్యి కూడా పట్టుకుని వేయించింది. కన్నతల్లి కూడా తనని అంత లెక్కలోకి తీసుకోలేదని నాంచారమ్మ ఇప్పటికీ అంటుంది. అత్తగారు పోయాక జనం తనని పేరు పెట్టి పిలవడం మానేసి "వెంకాయమ్మ కోడలు" అంటుంటే, ఆవిడకదే ముద్దు.

మరమీద చెయ్యి వేసుకుని నుంచున్న అత్తగారి ఫొటో ఒకటుంది. దాన్ని తువ్వాలులో చుట్టుకుని నాంచారమ్మ బందెలదొడ్డికి వెళ్ళింది.

దైవాధీనం ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావుందమ్మా. కానీ ఏ గోడకి ఏ కాలం పెట్టాలన్నది కౌన్సిల్లో తేలాలి. తేలాక రండి," అన్నాడు.

కౌన్సిల్లో తేలింది. ఎలా తేలిందో నాంచారమ్మకి వాళ్ళ కౌన్సిలరు సాంబశివుడు మర అరుగు మీద కూచుని పూసగుచ్చినట్టు చెప్పాడు. ఛైర్మన్ గారు మొదట చరిత్ర మొత్తాన్నీ తన ఒకటో వార్డులోనే చూపించారట. తక్కిన వార్డుల వాళ్ళు లేచారట. రోడ్లన్నీ ఒకటో వార్డుకే, దీపాలన్నీ ఒకటో వార్డుకే, ఆఖరికి రాజులు కూడా ఒకటో వార్డుకేనా, మేం పన్నులు కట్టడం లేదా అని బల్లలు గుద్దారట. దాంతో కమిషనర్ గారు లేచి, "చరిత్రను వార్డులవారీగా, సమన్యాయ ప్రాతిపదికన పంపిణీ చేయుట జరుగుతుంది" అని ప్రకటించి, ఇళ్ళస్థలాలకి తీసినట్టే లాటరీ తీయించారట. కాలాలన్నీ చీటీల మీద రాసి స్టీలు బకెట్లో వేశారు. ఒకటో వార్డుకి జమీందారీ వచ్చింది. కమిషనర్ బంగళా ఉన్న మూడో వార్డుకి తెల్లదొరలు వచ్చారు. ఐదో వార్డు కౌన్సిలరు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని మరీ తీస్తే కరువు వచ్చింది. తొమ్మిదో వార్డుకి స్వాతంత్ర్య పోరాటం.

"మరి మనకో?" అంది నాంచారమ్మ.

"రాతియుగం," అన్నాడు సాంబశివుడు మెడలో దండ సర్దుకుంటూ. "అందరికీ వందేళ్ళు, యాభై ఏళ్ళు వస్తే మనకి లక్షల ఏళ్ళొచ్చాయి నాంచారమ్మొదినా. అంత పెద్ద చరిత్ర ఏ వార్డుకీ లేదు. ఛైర్మన్ మొహం చూడాలి నువ్వు."

ఆ సాయంత్రం ఏడో వార్డులో బాణాసంచా కాల్చారు. నాంచారమ్మ కూడా మైసూరుపాకు తింది, ఎందుకు తిన్నదో ఆవిడకి తెలీదు.

మర్నాడు ఫొటో పట్టుకుని మళ్ళీ బందెలదొడ్డికి వెళితే, దైవాధీనం ఈసారి దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"మీదే వార్డమ్మా?"

"ఏడండీ. మీకు తెలుసుగా, మా ఇంటి పక్క మురిక్కాలవే కదా మీరు మూడేళ్ళుగా తీయిస్తానంటున్నది."

"ఏడో వార్డు రాతియుగం కిందకి వస్తుంది. రాతియుగంలో ఫొటో ఎవరు తీస్తారు చెప్పండి?"

"మా అత్తగారు రాతియుగం మనిషి కాదండీ. ఆవిడ ఈ ఊరికి రైలొచ్చాక పుట్టింది."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం," అన్నాడు దైవాధీనం మెత్తగా. "కౌన్సిల్ తీర్మానం వేరుగా ఉంది. నేను తీర్మానాన్ని పట్టుకుని నడవాలి గానీ మీ అత్తగారిని పట్టుకుని నడిస్తే రేపు ఆడిట్ వాళ్ళు నన్ను పట్టుకుంటారు."

నాంచారమ్మకి ఒళ్ళు మండింది. చరిత్ర చరిత్ర అని మైకులో అరిచి పిలిచి, చరిత్ర నడుచుకుంటూ వస్తే గుమ్మంలోంచి గెంటేస్తున్నారేమిటి వీళ్ళు అనుకుంది. ఆ మాటే పైకి కూడా అంది. దైవాధీనం దాన్ని ఫిర్యాదుల పెట్టెలో వేయమన్నాడు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కమిషనర్ గారు పని మొదలెడితే సగంలో వదిలే రకం కాదు. చరిత్ర గోడల మీద ఉంటే సరిపోదు, వార్డులో కనపడాలి అన్నారు. "ప్రతి వార్డూ తనకు కేటాయించబడిన యుగ లక్షణాలను పరిరక్షించుకోవలెను. యుగానికి విరుద్ధమైన వస్తువులు, కట్టడాలు, అలవాట్లు తొలగించబడును" అని గోడగోడకీ నోటీసులు అంటించారు. ఏడో వార్డులో మాత్రం ఆ నోటీసు అంటించలేదు. రాతియుగానికి లిపి లేదు కదా. దైవాధీనమే ఇంటింటికీ వచ్చి నోటితో చెప్పాడు.

అదే లెక్కన నిచ్చెన తెచ్చి, మర మీదున్న "వెంకాయమ్మ పిండిమర" బోర్డు దింపించాడు. "అక్షరాలు యుగవిరుద్ధమమ్మా" అన్నాడు. దాన్ని బండి మీద వేసుకుపోతుంటే నాంచారమ్మ వీధి మలుపు దాకా వెనకాలే నడిచి, వెనక్కొచ్చి, ఉత్తి మేకుల వంక చూస్తూ అరుగు మీద కూలబడింది. ఆ వెనకే కరెంటు మనుషులు వచ్చి తీగ కత్తిరించారు. రాతియుగంలో కరెంటేమిటని వాళ్ళు నవ్వలేదు, వాళ్ళకి ఆర్డరుంది.

మర ఆగిపోయింది. వెంకాయమ్మ పోయిన రోజున కూడా, ఆవిడ మాట ప్రకారం, మధ్యాహ్నానికల్లా తిరిగిన మర అది. నాంచారమ్మకి ఏడుపొచ్చింది. అరుగు మీద కూచునే, అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

అప్పటికి ఊరంతా ఎవరి యుగంలో వాళ్ళు మునిగి ఉన్నారు. ఒకటో వార్డులో ఛైర్మన్ గారు పల్లకీలో ఆఫీసుకి వస్తున్నారు. మోసేది మునిసిపల్ చెత్త బళ్ళ సిబ్బంది కావడంతో చెత్త ఎక్కడిదక్కడే ఉంది. మూడో వార్డులో తెలుగులో అర్జీ ఇస్తే తీసుకోవడం మానేశారు. ఐదో వార్డులో కరువు స్వరూపం చెడకూడదని కొళాయిలు కట్టేశారు. ఊళ్ళో ఉన్న రెండో పిండిమర ఆ వార్డులోనే ఉంది, కరువులో పిండేమిటని దానికీ తాళం వేశారు. తొమ్మిదో వార్డు వాళ్ళు మాత్రం తమ యుగాన్ని అందరికన్నా శ్రద్ధగా పాటించారు. సహాయ నిరాకరణ మా యుగ లక్షణం అని ఇంటిపన్ను కట్టడం మానేశారు. అడగడానికి వెళ్ళిన బిల్లు కలెక్టరుకి మజ్జిగిచ్చి, "వెళ్ళిపో" అని నినాదాలు చేసి పంపారు. ఆయనకి ఆ వార్డంటే ఇష్టం కూడా ఏర్పడింది.

నాంచారమ్మ సాంబశివుణ్ణి పట్టుకుంది. "ఆ యుగమేదో మార్పించి పుణ్యం కట్టుకో సాంబయ్యా. టీచర్లు ఊళ్ళు మార్చుకోరూ, అట్లా మార్చుకుందాం."

దండ వాడిపోయింది గానీ సాంబశివుడు ఇంకా దాన్ని తియ్యలేదు. పాపం తిరిగాడు. తొమ్మిదో వార్డు వాళ్ళు గేటు కూడా తియ్యలేదు. ఒకటో వార్డుకి వెళితే ముందు పాదాభివందనం చెయ్యమన్నారు. ఆఖరికి ఐదో వార్డు ఒక్కటే ఒప్పుకుంది.

"కరువు తీసుకుందామా వదినా? వాళ్ళు ఆనందంగా ఇచ్చేస్తామంటున్నారు."

"కరువులో కరెంటుంటుందా?"

"ఉంటుంది. పట్టడానికి మిరపకాయలుండవు."

ఇదిలా ఉండగా ఆవకాయ రోజులొచ్చాయి. కాయ దిగింది, ముక్కలు కొట్టించారు, నూనె తెచ్చి పెట్టుకున్నారు. కారం మాత్రం లేదు. ప్యాకెట్ కారంతో ఆవకాయ పెట్టడమంటే వెంపలూరు ఆడవాళ్ళకి పరాయి ఊరివాడికి ఓటేయడంతో సమానం. ఎండుమిరపకాయల సంచులు పట్టుకుని ఏడో వార్డుకి వచ్చి, ఆగిన మర చూసి, మునిసిపాలిటీ ఏడు తరాలనీ ఒక వరసలో తిట్టి, సంచులు అక్కడే వదిలి వెళ్ళారు. నాంచారమ్మ వసారాలో రోట్లో వేసి దంచడం మొదలెట్టింది. రోలు రాయే కాబట్టి దైవాధీనం అభ్యంతరం చెప్పలేదు, పైగా చాలా సంతోషించాడు. కానీ ఊరి మొత్తం కారం ఒక రోట్లో ఎక్కడ దంచుతుంది? చేతులు పొక్కాయి. తుమ్మి తుమ్మి గొంతు పోయింది. సంచుల గుట్ట తగ్గలేదు.

అప్పుడు వచ్చింది కమిషనర్ గారి జీపు. దాంట్లోంచి కమిషనర్ గారూ, వెనక దైవాధీనమూ, ఆ వెనక ఒక ఎండుమిరపకాయల సంచీ దిగాయి. బంగళాలో అమ్మగారు కోసిన ముక్కలు జాడీలో పోసి, కారం వచ్చేదాకా వంటింటికి తాళమన్నారని డ్రైవరు నాంచారమ్మ చెవిలో ఊదాడు.

కమిషనర్ గారు మర చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. "ఈ యంత్రంలో లోపల ఏముంటుందమ్మా?"

"రెండు రాళ్ళండీ. పైదొకటి, కిందదొకటి. అరిగితే గాట్లు పెట్టిస్తాం."

కమిషనర్ గారి మొహం విప్పారింది. "దైవాధీనం, రాసుకోవయ్యా. తనిఖీ సందర్భంగా ఏడో వార్డునందు రెండు రాళ్ళు గల ఒక ఆదిమ పనిముట్టు వెలుగుచూసినది."

"మోటారుంది సార్," అన్నాడు దైవాధీనం నెమ్మదిగా.

"దానిమీద గోనెపట్టా కప్పించు. చక్రానికి వేసిన ఆ పట్టా దేంతో చేశారు?"

"తోలు సార్."

"ఆదిమానవులు తోలు వాడేవారు. రాసుకో. పనిముట్టును సందర్శకులు స్పష్టంగా చూచుటకు వీలుగా ప్రదర్శన దీపాల నిమిత్తం త్రీఫేజ్ కరెంటు పునరుద్ధరించవలెను. పనిముట్టు పనిచేయు విధానాన్ని ప్రతిదినం ప్రజలకు చూపవలెను. చూపుటకు అవసరమైన మిరపకాయలు ప్రజలే తెచ్చుకొనవలెను."

నాంచారమ్మ ఆయన కాళ్ళకి దండం పెట్టినంత పని చేసింది. పొద్దుపోయాక తీగ కలిపారు. మర్నాడు పొద్దున్నే దైవాధీనం మనుషుల్ని వెంటేసుకొచ్చి, భాండాగారం వారి వస్తువు శుభ్రంగా ఉండాలని మర లోపలంతా సున్నం కొట్టించాడు. దోమల మందు కొట్టించే చెయ్యి కదా, సందు వదల్లేదు. నాంచారమ్మ సంచులు సర్దుకుని వచ్చి చూసేసరికి గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి. దసరాదసరాకీ ఒకదాని పక్క ఒకటి వేసిన అత్తగారి పసుపు చేతులన్నీ పోయాయి. కోడలి చేత వేయించింది కూడా పోయింది.

"ఇక్కడ చేతులుండాలి," అంది నాంచారమ్మ గోడ చూపిస్తూ.

"మరకలా? పోగొట్టించేశానమ్మా," అన్నాడు దైవాధీనం. "చరిత్ర మీద మరకలుంటే ఏం బావుంటుంది?"

మరకి చుట్టూ తాడు కట్టి, పక్కన ఒక పలక పెట్టాడు. ఆ పలక కేంద్రం వారిది కాబట్టి దాని మీద అక్షరాలుండొచ్చట. నాంచారమ్మ కూడబలుక్కుని చదివింది. "రాతి పనిముట్టు. ఏడో వార్డు. వాడిన స్త్రీ పేరు తెలియరాలేదు."

"పేరు తెలుసు కదండీ. వెంకాయమ్మ. నెత్తిన బోర్డే ఉండేది, మీరే పీక్కుపోయారు."

దైవాధీనం చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మనిషిలా మాట్లాడాడు. "అమ్మా, పేరు తెలిస్తే అది రాతియుగం కాదు. రాతియుగం కాకపోతే ఈ పనిముట్టు చెల్లదు. ఇది చెల్లకపోతే కరెంటు చెల్లదు. పేరు కావాలో, మర కావాలో మీరే తేల్చుకోండి. కరెంటు మనుషులు వీధి చివరే టీ తాగుతున్నారు."

బయట సంచులు పట్టుకుని ఆడవాళ్ళు నుంచున్నారు. నాంచారమ్మ వాళ్ళ వంక చూసింది. అత్తగారైతే ఏమనేదో ఆవిడకి తెలుసు. పేరు కూటికొస్తుందా, ముందు పట్టా వెయ్యవే అనేది. నాంచారమ్మ తాడు దాటి లోపలికి పోయి పట్టా వేసింది. మర తిరిగింది. కానీ ఆవిడ జన్మలో అంత దిగులుగా కారం పట్టలేదు.

అమ్మగారి సంచీ అయిపోయాక, చేతికంటిన కారం కడుక్కుందామని చెంబులో చెయ్యి ముంచింది. కడుక్కోలేదు. ఎర్రటి చెయ్యి అలాగే పైకెత్తి చూసుకుంది. అక్షరాలు వద్దన్నారు, ఫొటో వద్దన్నారు, చెయ్యి వద్దని ఇంకా ఎవరూ అనలేదే అనుకుంది. తడి చేతిని మళ్ళీ కారంలో అద్ది, పలక పక్కన, కొత్త సున్నం మీద, అయిదు వేళ్ళూ పడేలా గట్టిగా వేసింది. దాంతో మనసు కాస్త తేలికపడింది. ఇంటికెళ్ళి అన్నం తింది.

కేంద్రాన్ని ప్రారంభించడానికి రాజధాని నుంచి డైరెక్టరు గారు వచ్చారు. ఛైర్మన్ గారి పల్లకీ చూశారు, తలాడించారు. కరువు వార్డులో ఆయనకి మంచినీళ్ళివ్వలేదు, సహజంగా ఉందన్నారు. తొమ్మిదో వార్డు వాళ్ళు ఆయన్ని కూడా వెళ్ళిపొమ్మన్నారు. ఏడో వార్డుకి వచ్చేసరికి మర దగ్గర ఆడవాళ్ళ వరస వీధి దాకా ఉంది. రెండో విడత ఆవకాయకి కారం పట్టించుకోవడానికి సంచీ పట్టుకుని కమిషనర్ గారి భార్య కూడా ఆ వరసలోనే నుంచుని ఉంది.

డైరెక్టరు గారు మరని చూడలేదు. గోడ దగ్గర ఆగిపోయారు. "ఇది, ఇది హస్తముద్ర," అన్నారు. "ఎర్రమట్టితో వేసింది. గుహల్లో ఇలాగే ఉంటాయి. రాష్ట్రం మొత్తం తిరిగాను, ఇంత తాజాగా నిలిచింది చూడలేదు. కమిషనర్ గారూ, మీరు చరిత్రని వెలికితీశారండీ."

"తమ ఆశీస్సులు సార్," అన్నారు కమిషనర్ గారు, ఆ చెయ్యి ఎప్పుడొచ్చిందో తెలియక దైవాధీనం వంక చూస్తూ. దైవాధీనం సున్నం కొట్టినవాళ్ళ వంక చూశాడు.

డైరెక్టరు గారు మెల్లిగా వేలు చాచి, ఆ అరచేతి మధ్యన తాకి, భక్తిగా కళ్ళకద్దుకున్నారు. అంతే, ఆయన కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారాయి. ఆపుకుందామని రెండో కన్ను కూడా అదే వేలితో తుడుచుకున్నారు. వెక్కివెక్కి ఏడ్చారు. చరిత్రని చూసి డైరెక్టరు గారు కన్నీటిపర్యంతమయ్యారని పక్కనున్న విలేకరి రాసుకున్నాడు.

కళ్ళు మూసుకునే, జేబురుమాలు వెతుక్కుంటూ, ఆయన అడిగారు. "ఎవరో ఈ ఆదిమ స్త్రీ. ఎంత కష్టపడిన చెయ్యో. పేరన్నా తెలిస్తే ఎంత బావుండేది."

"పేరు తెలియరాలేదు సార్," అన్నాడు దైవాధీనం.

"వెంకాయమ్మండీ," అంది వరసలో ముందున్నావిడ.

"వెంకాయమ్మే," అన్నారు ఆ వెనకావిడా, ఆ వెనకావిడా. మాట అలా సంచీ వెనక సంచీ దాటుకుంటూ వీధిలోకి పోయింది. నువ్వు వేసిందే కదా వదినా అని నాంచారమ్మని ఎవరూ అనలేదు. ఆ మర మీద పడ్డ ఏ చెయ్యయినా వాళ్ళకి వెంకాయమ్మ చెయ్యే.

"అవి వాడుక మాటలు సార్, ఆధారాలు కావు," అన్నారు కమిషనర్ గారు కంగారుగా.

"వాడుకేమిటండీ," అంది ఆయన భార్య సంచీ కింద పెట్టి. "పొద్దున్న మీరేగా, వెంకాయమ్మ మరలో పట్టించు, మెత్తగా ఉంటుంది అన్నారు."

కమిషనర్ గారు నోరు తెరిచారు. నాంచారమ్మ గోనెపట్టా కాస్త తొలగించింది. మోటారు పక్కన, తువ్వాలులోంచి తీసి పెట్టిన అత్తగారి ఫొటో ఉంది. దానికి దండం పెట్టుకుని స్విచ్చి వేసింది. మర అందుకుంది. ఆ తరవాత చరిత్ర గురించి పెద్దలు ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ వినపడలేదు.